మరదలి సంతోషం మీద నా కన్ను

మా సంఘం వాళ్ళు నడుపుకునే చిన్న పత్రికకి నా మరదలి గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వమని అడిగారు. ముందు తననే అడిగారట. "నాకు కాజాలు కుట్టుకోవడానికే టైము చాలడం లేదు, మా వదినని అడగండి" అని నా మీదికి తోసేసి తప్పించుకుంది. నాలుగు మంచి మాటలంటే నాకు సరిగ్గా నాలుగే వస్తాయి. మిగతాదంతా కుళ్ళు. పదకొండేళ్ళ పాటు ఆ మనిషిని చూసి కడుపుమంటతో వేగిపోయినదాన్ని నేను. ఆ సంగతి దాచి రాస్తే అది తన జీవితం కాదు, గోడకి తగిలించుకునే పటం అవుతుంది. కాబట్టి ఇలాగే రాస్తున్నాను. అచ్చు వేస్తే వేసుకోండి, లేకపోతే చించి పారెయ్యండి.

తను నా తమ్ముడి భార్య. చూడడానికి ఏమంత గొప్పగా ఉండదు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. అన్నం తినేటప్పుడు కూడా మాట్లాడుతూనే ఉంటుంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తుంది, వేయలేదని మూడోసారి ఒట్టేస్తుంది. పగలు కునుకు తీస్తే గురక పక్క గదిలోకి వినిపిస్తుంది. ఇవన్నీ ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చెప్పబోయేవి విని మీరు తనకి తల వెనక వెలుగు తగిలించకుండా ఉండాలని.

మాది అమ్మమ్మ కాలం నుంచీ క్రీస్తుని నమ్ముకున్న ఇల్లు. నేను పాలపళ్ళు ఊడకముందే ప్రార్థన నేర్చుకున్నాను. తన పుట్టింట్లో ఆ పేరెత్తితేనే మొహం తిప్పుకుంటారు. నా తమ్ముడూ తనూ ఒకళ్ళనొకళ్ళు ఇష్టపడ్డారు. వాళ్ళ నాన్న ఏడాది పాటు బిగుసుకు కూర్చుని, చివరికి ఒక్క షరతు మీద దిగివచ్చాడు. "నా కూతురు మీ ఇంటికి వస్తుంది, మీ దేవుడి దగ్గరికి రాదు" అన్నాడు. మా అమ్మ సరేనంది. ఇచ్చిన మాట ప్రకారం తనని ఒక్క రోజు కూడా ప్రార్థనకి రమ్మని పిలవలేదు.

రెండేళ్ళకి అమ్మ కళ్ళు మసకబారాయి. రోజూ వాక్యం చదువుకునే మనిషి, అక్షరాలు కనబడక పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చునేది. అప్పటికి మా ఆయన పోయి నేను పుట్టింటికి చేరాను. చదివి పెట్టవే అని అమ్మ నన్నే అడిగింది. నిజం చెప్పాలి కదా, నాకు తీరిక లేదన్నాను. పొద్దున్నే కుట్టు కారఖానాకి పరిగెత్తాలి, సాయంత్రం నడుం పడిపోతుంది. అత్తయ్య మొహం చూడలేక మరదలు ఆ పుస్తకం అందుకుంది. మందు తాగించినట్టు, కాళ్ళు పట్టినట్టు, అదీ ఒక సేవ అనుకుని చదివింది. చదువుతూ చదువుతూ ఒక రోజు మధ్యలో ఆగిపోయి, "అత్తయ్యా, ఇది మీకోసమే చదువుతున్నానా, నాకోసమా?" అని అడిగిందట. నేను ఆ గదిలో లేను. ఉండాల్సిన కుర్చీలో నేను లేను కాబట్టే తను ఉంది. ఈ ముక్క గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే ఒళ్ళు మండుతుంది, కానీ ఆ మంట ఎప్పుడూ తన మీదికే తిరిగేది.

తనూ క్రీస్తుని నమ్ముకున్నానని వాళ్ళ నాన్నతో తనే వెళ్ళి చెప్పింది. మేం ఎవరం చెప్పమనలేదు. ఆయన తలుపేసుకున్నాడు. ఆ రోజు నుంచి నెలకోసారి, ఆదివారం మధ్యాహ్నం, తను వెళ్ళి ఆ తలుపు ముందు పావుగంట నిలబడి వచ్చేది. ఒకసారి తమ్ముడికి జ్వరమొచ్చి నన్ను తోడు వెళ్ళమన్నాడు. తను తలుపు తట్టి, "నాన్నా, నేను" అంది. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. గిన్నెలు కడిగిన నీళ్ళు, బొక్కెన నిండా, తన మొహాన పడ్డాయి. "పో" అన్నాడు ఆయన. తలుపు మూసుకుంది.

నేను నోటికొచ్చినవన్నీ తిట్టబోయాను. తను నా చెయ్యి పట్టుకుని వీధి మలుపు దాకా లాక్కుపోయింది. అక్కడ గోడకి ఆనుకుని ఏడ్చింది. ముక్కు చీదుకుంది. తర్వాత జుట్టులోంచి కూర తొక్క ఒకటి తీసి పారేస్తూ నవ్వింది.

"నాన్న మాట్లాడాడు వదినా."

"ఏం మాట్లాడాడే? పో అన్నాడు."

"అదే. ఎనిమిది నెలలైంది ఆ గొంతు విని."

నీకు సిగ్గు లేదా అన్నాను. అప్పుడు తనొక మాట అంది. "ఆ తలుపు మూసుకున్నప్పుడల్లా ఆయన కూడా బయటే, నా పక్కనే నిలబడినట్టు ఉంటుంది వదినా. లోపల ఉన్నన్నాళ్ళూ నాకు ఆయనెవరో తెలియదు కదా." ఈ రెండో 'ఆయన' వాళ్ళ నాన్న కాదని నాకు అర్థమైంది. బట్టలు కారుతున్నాయి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అయినా ఆ మొహంలో ఉన్నది సంతోషమే. నటన అయితే నేను పట్టేసేదాన్ని. ఆడపడుచుని, అదే నా పని.

ఇంటికొచ్చాక అద్దం ముందు చాలాసేపు కూర్చున్నాను. నలభై ఏళ్ళ నుంచి ప్రార్థన చేస్తున్నాను. ఆయన నా పక్కన నిలబడినట్టు నాకు ఒక్కసారీ అనిపించలేదు. ఒక్కసారీ. నిన్నగాక మొన్న వచ్చినదానికి ఎంగిలి నీళ్ళు మీద పడ్డా అనిపిస్తోంది. మా ఇంటి సొత్తు తను పట్టుకుపోయినట్టు అనిపించింది. దొంగ అనే మాట నోటి దాకా వచ్చింది.

ఇక కారఖానా సంగతి. అక్కడ నేను కటింగ్ మాస్టరుని. కోట్లు, యూనిఫారాలు కుట్టే చోటు. పొడవాటి హాలు, ఒక వైపు పన్నెండు మిషన్లు, మధ్యలో నా కటింగ్ బల్ల, చివర ఇస్త్రీ బల్లలు, గుమ్మం పక్కన ఓనరమ్మ అద్దాల గది. నా మాటకి అక్కడ తిరుగులేదు. తమ్ముడికి పని తగ్గిన ఏడాది మరదలిని నేనే చేర్పించాను, కాజాలు కుట్టడానికి. గుండీ దూరే రంధ్రం చుట్టూ దారంతో అంచు కట్టడం అన్నమాట. మొదటి నెల తను కట్టిన కాజాలు ఆవులించినట్టు ఉండేవి. ఆరు నెలలకి చెయ్యి కుదిరింది.

చేర్పించేటప్పుడే చెప్పాను. "ఇక్కడ ప్రార్థనలు గట్రా పెట్టకు. వీళ్ళకి గిట్టదు." నేను ఏళ్ళ తరబడి అక్కడ నోరు మూసుకునే బతుకుతున్నాను. నేను ఎవరినో అక్కడ ఎవరికీ తెలియదు. అడిగితే ఏదో నవ్వేసి తప్పించుకునేదాన్ని. తను సరే వదినా అంది. మధ్యాహ్నం డబ్బా విప్పి, కళ్ళు మూసుకుని, పెదవులు కదిపింది. అంతే. గట్టిగా ఏమీ అనలేదు. ఆ పెద్ద గొంతుదానికి అదే గొప్ప అణకువ.

చాలదూ. ఇస్త్రీ పెద్దాయన చూశాడు. మనిషి చెడ్డవాడు కాదు, కానీ నోరు ఊరుకోదు. "ఏం స్తోత్రం, అన్నానికి కూడా సెలవు అడగాలా?" అన్నాడు. ఆ రోజు నుంచి తన పేరు స్తోత్రం అయిపోయింది. మొదట్లో వేళాకోళం. తర్వాత డబ్బా దాచేసేవాళ్ళు. బాబిన్ లో దారం చిక్కులు పెట్టేవాళ్ళు. మిషను మీది బల్బు మాయమయ్యేది, తను కిటికీ దగ్గరికి పోయి కుట్టుకునేది. ఒకసారి తను కుట్టిన యాభై కోట్ల కాజాలు ఎవరో బ్లేడుతో కోసేశారు. అవన్నీ మళ్ళీ కట్టింది. ఆ రోజు చేతులు కడుక్కునే గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడుస్తూ కనిపించింది నాకు. వచ్చేటప్పుడు రెప్పలు తడిగానే ఉన్నాయి, గొంతులో మాత్రం ఏదో కూనిరాగం.

సాయంత్రం ఇంటికెళ్ళగానే అమ్మ పక్కన చతికిలపడి, ఆ రోజు ఎవరు ఏమన్నారో పూసగుచ్చినట్టు చెప్పేది. బడిలో బహుమతి తెచ్చుకున్న పిల్లలా చెప్పేది! అమ్మ దాని తల నిమిరేది. ఇద్దరూ కలిసి ఇస్త్రీ పెద్దాయన మోకాలి నొప్పి కోసం ప్రార్థన చేసేవాళ్ళు. నేను వంటగదిలో గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం, గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను ఆవిడ అందరి ముందూ నన్ను అడిగేసింది. "మాస్టరక్కా, మీ ఇంటి కోడలే కదా స్తోత్రం? మరి మీరూ అదేనా?" హాలంతా మిషన్లు ఆగాయి. మరదలు తల ఎత్తలేదు, సూదిలో దారం ఎక్కిస్తోంది.

"ఛ, మాకెందుకమ్మా. అది దాని పుట్టింటి వైపు వ్యవహారం" అన్నాను.

అంత అబద్ధం అంత సునాయాసంగా ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఏ పుట్టింటి గుమ్మం ముందు ఎంగిలి నీళ్ళతో తడిసిందో ఆ పుట్టింటి మీదికే నెట్టేశాను. తను దారం ఎక్కించుకుని పని మొదలుపెట్టింది. ఇంటికెళ్ళే దారిలో ఆ మాట ఎత్తుతుందేమో అని చూశాను. ఎత్తలేదు. టమాటాలు మెత్తగా ఉన్నాయని బండివాడితో తగువు పెట్టుకుంది, అంతే. ఆ రాత్రి అన్నం సహించలేదు నాకు. క్షమించడం కూడా తనకే ముందు దొరకాలా అని ఏడుపొచ్చింది.

ఇలా ఉండగా అమ్మ పుట్టినరోజొచ్చింది. పొద్దున్నే మమ్మల్ని ఇద్దరినీ పిలిచింది. ఒళ్ళో అమ్మమ్మ పుస్తకం. పేజీల పక్కన అమ్మమ్మ పెన్సిలు గీతలు, అమ్మ గీతలు, చిన్నప్పుడు నేను గీసిన ఒక పిల్లి బొమ్మ, అన్నీ ఉన్నాయి. ఆ పుస్తకం నాకే వస్తుందని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అమ్మ తడుముకుంటూ చెయ్యి చాపి, మరదలి చేతుల్లో పెట్టింది. "చదివేదానివి నువ్వే కదమ్మా" అంది. తను నా వైపు చూసింది. "వదినకివ్వండి అత్తయ్యా" అంది వెంటనే. "దానికి తీరిక ఉండదులే" అంది అమ్మ.

తీరిక. నా మాటే. నేను చెప్పులేసుకుని ఒక్కదాన్నే బయలుదేరిపోయాను.

ఆ రోజే మఖమల్ కోట్ల కటింగ్. ఒక వాద్యబృందానికి ముప్ఫై రెండు కోట్లు, ముదురు ఎరుపు. మఖమల్ గుడ్డకి నూగు ఉంటుంది. ఒక వైపుకి నిమిరితే మెత్తగా మెరుస్తుంది, ఎదురు నిమిరితే నల్లబడుతుంది. అందుకని పొరలు పొరలుగా పరిచేటప్పుడు గుడ్డ చుట్ట దగ్గర్నుంచి బల్ల చివరి దాకా లాగి, అక్కడ కత్తిరించి, వట్టి చేతులతో వెనక్కి నడిచి వచ్చి, మళ్ళీ లాగాలి. ప్రతి పొరా ఒకే దిక్కు. మామూలు గుడ్డ అయితే పోనూ రానూ పరిచేస్తాం, సగం నడక కలిసొస్తుంది. మఖమల్‌కి అలా చేస్తే ఒక పొర తలకిందులు. పనిలో చేరిన రెండో వారానికే ఎవరికైనా తెలిసే విషయం ఇది.

బల్ల అవతలి కొస పట్టుకునే మనిషి ఆ రోజు రాలేదు. ఓనరమ్మ మరదలిని పంపింది. ఎవరి మొహం చూడకూడదని పారిపోయి వచ్చానో ఆ మొహమే బల్లకి అవతల. మొదటి పొర లాగాను. అక్కడ తన పక్కన ఆగి, కత్తిరించి, మళ్ళీ వట్టి చేతులతో వెనక్కి రావాలి. నాకు ఆ పక్కన ఒక్క నిమిషం కూడా ఆగాలని లేదు. మడిచి వెనక్కి లాగేశాను.

"వదినా, ఈ గుడ్డకి మనం వట్టి చేతులతో వెనక్కి వస్తాం కదా?" అంది.

"మాస్టరు నువ్వా, నేనా?"

"నువ్వే వదినా."

"అయితే కొస పట్టుకో."

పట్టుకుంది. ముప్ఫై రెండు పొరలు పోనూ రానూ పరిచాను. కోపంతో కత్తి ఎంత శుభ్రంగా కోస్తుందో అంత శుభ్రంగా కోశాను.

ఆరో రోజున ఇస్త్రీ పెద్దాయన కోట్లన్నీ వరసగా కడ్డీకి తగిలించి ట్యూబ్ లైటు వేశాడు. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. ఒకటి కొత్తది, ఒకటి మూడేళ్ళు తొడిగి విడిచినది. పదహారు కోట్లు తలకిందులు. ఓనరమ్మ అద్దాల గదిలోంచి వచ్చి, ఒక కోటు నిమిరి, ఎదురు నిమిరి, "ఈ గుడ్డ పరిచింది ఎవరు?" అంది.

'నేను చెప్పేలోగా ఇంకొకళ్ళు అనేశారు' అని రాయాలని ఉంది, కానీ అది అబద్ధం. నాకు బోలెడు సమయం ఉంది. ఓవర్‌లాక్ ఆవిడే అంది. "ఆ రోజు అవతలి కొస స్తోత్రం పట్టుకుంది. కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటూ తిప్పేసి ఉంటుంది." ఇంకొకళ్ళు అవునన్నారు. ఇంకొకళ్ళు, ఈ మనిషి వచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడ ఏదీ సవ్యంగా లేదన్నారు. ఓనరమ్మ నా వైపు చూసింది. "అంతేనా మాస్టరూ?"

నేను బల్ల మీది సుద్ద ముక్కని చూస్తూ ఉండిపోయాను. అంతే అనలేదు. కాదనీ అనలేదు.

ఓనరమ్మ మరదలితో అంది. "చూడమ్మా, నాకు రోజూ ఈ గోల పడదు. ఇక్కడ ప్రార్థన మానేస్తానని అందరి ముందూ చెప్పు, ఇది పొరపాటనుకుని వదిలేస్తాను. లేదంటే ఈ పదహారు కోట్లూ విప్పి, లైనింగూ గుండీలూ జాగ్రత్తగా తీసిపెట్టి, వెళ్ళిపో."

తను ఒక్క క్షణం నన్ను చూసింది. ఆ చూపులో నింద లేదు. ఉంటే బాగుండేది. "విప్పుతానమ్మా" అంది.

గుమ్మం దగ్గర నేల మీద కూర్చోబెట్టారు. లోపలికి వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ తనని దాటుకుంటూ తిరగాలి. కొందరు తను విప్పిన దారం ముక్కలు కావాలని కాళ్ళతో తన మీదికి తన్నేవాళ్ళు. తను కుట్టు విప్పుతూ, తను కట్టిన కాజాలే తను కోస్తూ, రెండు రోజులు. మొదటి రోజు మొహం వాడిపోయి ఉంది. రెండో రోజు మధ్యాహ్నానికి చూస్తే, ఏముంది, అదే మొహం. వాళ్ళ నాన్న వాకిట్లో తడిసిన రోజు చూసిన మొహం. పక్కన ఎవరో కూర్చుని ఉంటే వాళ్ళకి చోటిచ్చినట్టు కొంచెం జరిగి కూర్చుంది. ఆ ఖాళీ చోటు వైపు చూసి నవ్వింది.

నేను ఇంక ఆగలేకపోయాను. గుమ్మం దాకా వెళ్ళి వంగి, పళ్ళ బిగువున అడిగాను. "నేనే చేశానని ఎందుకు చెప్పవు?"

"అది నువ్వు చెప్పాల్సిన మాట వదినా. నేను చెప్తే చాడీ అవుతుంది."

"నీ పని పోతోందే!"

"తెలుసు. భయంగానే ఉంది." దారం కొరికింది. "కానీ ఎందుకో, చాలా బాగుంది వదినా ఇక్కడ. ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆయన ఇంత దగ్గరగా ఎప్పుడూ లేడు."

ఈ తర్వాత నేను చేసినదాన్ని దయచేసి పశ్చాత్తాపం అని వేసుకోకండి. అది అసూయ. పచ్చి అసూయ. ఆ మూడు మూరల నేల మీద తనకి ఏదో దొరుకుతోంది, నలభై ఏళ్ళుగా నాకు దొరకనిది, నేను బల్ల దగ్గర గౌరవంగా నిలబడి చూస్తున్నాను. నాకూ అది కావాలి. అది దొరికే చోటు అక్కడే అయితే, ఆ చోటు కూడా నాదే. న్యాయంగా నాదే! తప్పు చేసింది నేను కదా.

హాలు మధ్యకి వచ్చి మిషన్లు ఆపమన్నాను. ఆపారు. మాస్టరు మాట.

"ఆ గుడ్డ తిప్పి పరిచింది నేను. తను వద్దంది. నేనే నోరు మూయించాను. ఇంకోటి. ఆ ప్రార్థన దాని పుట్టింటిది కాదు. మాది. మా అమ్మమ్మ నుంచీ మాదే. దానికంటే ముందు నుంచీ నేను క్రీస్తుని నమ్ముకున్నదాన్ని. మీకు అబద్ధం చెప్పాను."

ఇప్పుడు వస్తుంది అనుకున్నాను, ఆ సంతోషం. నిలబడి ఎదురు చూశాను. ఏమీ రాలేదు. నాలుక పిడచకట్టింది, అంతే.

ఓవర్‌లాక్ ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. ఇస్త్రీ పెద్దాయన పెట్టె నిలబెట్టి నేల చూపులు చూశాడు. ఓనరమ్మ నుదురు రుద్దుకుని, నన్ను అద్దాల గదిలోకి పిలిచింది. తలుపేసింది.

"నువ్వు పోతే నాకు కటింగ్ ఎవరు చేస్తారు? పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. మళ్ళీ పరిచి కోసెయ్. నీ దేవుడి సంగతి ఇన్నాళ్ళూ లోపలే ఉంచుకున్నావు, ఇక మీదటా అలాగే ఉంచుకో."

"మరి నా మరదలు?"

"అది వేరే. అందరూ పట్టుపడుతున్నారు. నాకు ఇక్కడ ప్రశాంతత కావాలి."

దెబ్బ తిందామని చెంప చూపిస్తే బుజ్జగించి పంపినట్టయింది. నేను చేసిన తప్పుకి తను పోవాలి, నేను ఉండాలి. తను ఏ పేరు చెప్పినందుకు పోవాలో, అదే పేరు నేనూ చెప్పాను, నాకు మాత్రం ఏమీ కాదు, లోపలే ఉంచుకుంటే చాలు. అంత అవమానం నా జన్మలో జరగలేదు. మెడలో టేపు తీసి ఓనరమ్మ బల్ల మీద పెట్టాను.

"లోపల ఉంచుకుని తొమ్మిదేళ్ళు చూశానమ్మా. అది బతకడం లేదు" అన్నాను.

బయటికొచ్చి నా కత్తెర సంచిలో వేసుకున్నాను. మరదలు ఆఖరి కోటు గుండీలు డబ్బాలో పోస్తోంది. లే అన్నాను. లేచింది. ఇస్త్రీ పెద్దాయన అడ్డొస్తాడేమో అనుకున్నాను. ఆయన మా కాళ్ళ ముందున్న దారాల కుప్పని చీపురుతో పక్కకి తోశాడు.

రోడ్డు మీదికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. కారఖానా గోడ దాటామో లేదో తను నిలబడిపోయింది.

"నీ టేపు ఏది వదినా?"

"లోపల ఉంది. మానేశాను."

తను నన్ను అలాగే చూసింది. మొహం ముడుచుకుపోయింది. ఆ నడిరోడ్డు మీద, అంతమంది చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. నీళ్ళు కొట్టించుకున్న రోజు కూడా అలా ఏడవలేదు. "నావల్ల నీ పని పోయింది వదినా. నాదైతే ఫర్వాలేదు, అది చిన్న పని. నువ్వు మాస్టరువి. పదహారేళ్ళకి కత్తెర పట్టుకున్నావు. నావల్ల పోయింది. నేను ఎలా..." ముక్కు కారుతోంది, మాట రావడం లేదు.

అప్పుడు వచ్చింది నాకు. ఎక్కడ నుంచి వచ్చిందో తెలియదు, పిలవలేదు, ఎదురు చూడడం కూడా మర్చిపోయాను. అక్కడ మేమిద్దరమే కాదు ఉన్నది అనిపించింది. అనిపించడం కాదు, మీ పక్కన మనిషి నిలబడితే తెలుస్తుంది చూడండి, అలా తెలిసింది. పని లేదు, రేపు ఏం చేయాలో తెలియదు, పైన ఎండ మాడుస్తోంది, నేను నవ్వుతున్నాను. పళ్ళన్నీ బయటపెట్టి, పిచ్చిదానిలా.

నా బుద్ధి పోనిచ్చుకోను కదా, మొదట నాకు తోచింది ఏమిటంటే, ఈసారి నాకు ఉంది, దానికి లేదు. పదకొండేళ్ళకి లెక్క సరిపోయింది అనుకున్నాను. ఒక్క నిమిషం దాన్ని అలా అనుభవించాను, దాచను.

తను కళ్ళెత్తి నా మొహం చూసింది. అది ఏమిటో దానికి తెలుసు. ఇంకెవరికి తెలుస్తుంది? "నీకు వచ్చింది కదా వదినా?" అంది ఏడుస్తూనే. "నాకు ఇవాళ రావడం లేదు. అస్సలు రావడం లేదు."

ఆ మాట విని నా నవ్వు ఆగిపోయింది. దానికి ఇచ్చెయ్యాలనిపించింది. అంతా, మొత్తం, నాకు ఏమీ మిగలకపోయినా ఫర్వాలేదనిపించింది. నిజంగానే ఇవ్వడానికి చూశాను, భుజాలు పట్టుకుని దగ్గరికి లాక్కున్నాను, ఏవేవో చెప్పాను. ఎలా ఇవ్వాలో తెలియలేదు. అది చేతిలో పెట్టేది కాదు. అంటే ఇన్నేళ్ళూ ఈ పిచ్చిది కూడా నాకు ఇవ్వాలనే చూసిందన్నమాట, ప్రతి సాయంత్రం నాకు వినబడేలా అంత పెద్ద గొంతుతో చెప్పింది అందుకే అన్నమాట. నేను గిన్నెలు చప్పుడు చేశాను.

రుమాలు తీసి దాని మొహం తుడిచాను, ముక్కుతో సహా. అటు వైపు బస్సు వస్తోంది. చిన్నపిల్లని పట్టుకున్నట్టు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను.